320 పిచ్చి పక్కన పెట్టి పాటలు ఎన్‌కోడ్ చేసుకోవడం ఎలా

మా బంధువుల్లో ఎవరికి పాటలు కావాలన్నా పెన్‌డ్రైవ్ నా దగ్గరికే వస్తుంది. దాంతో పాటు ఒక షరతు కూడా వస్తుంది: "అన్నీ 320లోనే వెయ్యి." ఆ 320 (సెకనుకి 320 కిలోబిట్లు, దీన్నే బిట్‌రేట్ అంటారు) ఏమిటో, ఏ ఎన్‌కోడర్‌తో (పాటని కుదించే ప్రోగ్రాంతో) చేసిన 320నో, ఏ మూలం నుంచి తీసిన 320నో ఎవరూ అడగరు. పెట్రోలు బంకులో మీటరు చూసినట్టు అంకె ఒక్కటే చూస్తారు. నిజానికి పాట ఎలా వినిపిస్తుందో తేల్చడంలో ఆ అంకెది నాలుగో స్థానం. మొదటిది మూలం, రెండోది ఎన్‌కోడర్, మూడోది మీరు పాట వినే పరికరం. నేను ఏం చేస్తానో, ఎందుకు చేస్తానో అదే వరసలో చెప్తాను. ఇదంతా స్టీరియో సంగీతం గురించే. మాటల రికార్డింగులకి లెక్కలు వేరు.

ముందు మూలం సంగతి

సీడీలో ధ్వని సెకనుకి 1411 కిలోబిట్లు. అంటే నిమిషానికి పది ఎంబీ పైనే. దాన్ని ఏమీ పోకుండా కుదిస్తే ఫ్లాక్ అవుతుంది, సైజు సుమారు సగానికి దిగుతుంది. ఎంపీ3, ఏఏసీ, ఓపస్ లాంటివి ఇంకా కిందికి తేవాలి కాబట్టి చెవికి పట్టని భాగాన్ని తీసి పారేస్తాయి. పారేసింది మళ్లీ రాదు. అందుకని ఎన్‌కోడ్ చేసేది సీడీ నుంచో, ఫ్లాక్ నుంచో, వేవ్ ఫైల్ నుంచో మాత్రమే. 128 ఎంపీ3ని తీసుకుని 320 ఎంపీ3 చేస్తే సైజు రెండున్నర రెట్లు అవుతుంది, పాత లోపం అలాగే ఉంటుంది, రెండోసారి కుదించినందుకు కొత్త లోపం కూడా చేరుతుంది. యూట్యూబ్ నుంచి 320 ఎంపీ3 తీసిస్తామనే సైట్లు చేసేది సరిగ్గా ఇదే. యూట్యూబ్ ధ్వనిని పంపేది ఓపస్, ఏఏసీ రూపాల్లో. అక్కడ ఎంపీ3 అనేదే లేదు.

పెన్‌డ్రైవ్‌లో వచ్చిన 320 అసలుదా కాదా అని అనుమానం వస్తే స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంలో తెరవండి. పాట మొత్తం రంగుల బొమ్మగా కనిపిస్తుంది, కింద మంద్ర ధ్వనులు, పైన కీచు ధ్వనులు. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు రంగు ఆగిపోయి, ఆ పైన అంతా నలుపు ఉంటే అది ఒకప్పుడు 128గా బతికిన ఫైల్ అయ్యుండే అవకాశం ఎక్కువ. కానీ ఈ బొమ్మతోనే తీర్పు చెప్పేయకండి. పాత సినిమా పాటల్లో అసలు రికార్డింగులోనే పై ధ్వనులు తక్కువ. మంచి ఎన్‌కోడర్లు కూడా కావాలనే పైభాగాన్ని కొంత కోస్తాయి. పెద్దవాళ్లలో చాలామందికి 16 కిలోహెర్ట్జ్ పైన వినిపించదు కూడా.

సీడీలు తియ్యడానికి విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ వాడతాను. ముందు ఫ్లాక్ చేసి హార్డ్‌డిస్క్‌లో పడేస్తాను. ఆ ఫ్లాక్ నుంచి ఎవరికి కావలసిన రూపం వాళ్లకి తీసిస్తాను. రేపు ఇంకో కొత్త కోడెక్ (కుదించే పద్ధతి) వచ్చినా సీడీల డబ్బా మళ్లీ అటక మీంచి దింపక్కర్లేదు.

ఎన్‌కోడర్ ఎక్కడ దొరికిపోతుంది

సెట్టింగులకి ముందు ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతావన్నీ తేలికవుతాయి. ఎన్‌కోడర్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కలో ఏ స్వరస్థాయిలో ఎంత బలముందో రాసుకుంటుంది. బిట్లు మిగల్చడానికి ఆ కొలతల్ని కాస్త మోటుగా రాస్తుంది. ఆ మోటుదనమే సన్నటి రొదగా మారుతుంది. పెద్ద ధ్వని పక్కన చిన్న రొద చెవికి ఆనదు కాబట్టి మనం పట్టించుకోం.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ రొద ముక్క అంతటా సమంగా పరుచుకుంటుంది. ఎంపీ3లో మామూలు ముక్క 576 శాంపిళ్లు (ధ్వని కొలతలు), అంటే 13 మిల్లీసెకన్లు. ఆ ముక్క చివర్లో మృదంగం మీద "నం" అని దెబ్బ పడిందనుకోండి. దెబ్బకి ముందున్న నిశ్శబ్దంలో కూడా రొద చేరుతుంది. దెబ్బ తర్వాత వచ్చే రొదని చెవి బాగానే క్షమిస్తుంది, ముందు వచ్చేదాన్ని మాత్రం కొద్ది మిల్లీసెకన్ల మేరకే క్షమిస్తుంది. అప్పుడు దెబ్బ పదును పోయి, ముందు "ఫ్స్" అన్నట్టు వినిపిస్తుంది. దీన్ని ప్రీ ఎకో అంటారు. దీన్ని తప్పించడానికి ఎన్‌కోడర్ ఇలాంటి చోట ముక్కని చిన్నది చేస్తుంది. ఎంపీ3లో అది 192 శాంపిళ్ల దాకా దిగుతుంది, ఏఏసీలో 128 దాకా.

పాశ్చాత్యులు ఈ పరీక్షకి కాస్టనెట్స్ అనే చెక్క వాయిద్యం రికార్డింగు వాడతారు. మనకి అంత దూరం వెళ్లక్కర్లేదు, హరికథ చిడతలున్నాయి. మా తాతయ్య విజయనగరంలో పోగుచేసిన హరికథ క్యాసెట్ల కంటే కఠినమైన పరీక్ష నాకింకా దొరకలేదు. చిడతలు, తాళాలు, ఘటం, కంజీర, డప్పు, ఇవన్నీ ఎన్‌కోడర్‌కి ఒక రకం గండం.

తంబూరాది ఇంకో రకం. అక్కడ దెబ్బలేమీ లేవు. ఒకే శ్రుతి మీద వందలకొద్దీ సన్నటి స్వరరేఖలు కదలకుండా నిలబడి ఉంటాయి. వాటిని విడివిడిగా పట్టుకోవాలంటే పొడవైన ముక్క కావాలి. అంటే చిడతలకి కావలసింది తంబూరాకి పనికిరాదు, తంబూరాకి కావలసింది చిడతలకి పనికిరాదు. కచేరీలో రెండూ ఒకేసారి మోగుతాయి. ఎన్‌కోడర్ల మధ్య తేడా అంతా ఈ రెండింటి మధ్య ఎప్పుడు ఎటు మొగ్గాలో తెలుసుకోవడంలోనే ఉంది. అందుకే చెత్త ఎన్‌కోడర్ చేసిన 192 కంటే మంచి ఎన్‌కోడర్ చేసిన 128 బాగుండొచ్చు.

ఎంపీ3 అయితే లేమ్ ఒక్కటే

మా బాబాయి కారులో స్టీరియో ఎంపీ3 తప్ప ఇంకోటి ముట్టదు. అలాంటి పరికరాలు మన ఊళ్లలో ఇంకా బోలెడు ఉన్నాయి, కాబట్టి ఎంపీ3ని చిన్నచూపు చూడలేం. దాని ప్రమాణం 1990ల మొదట్లో తయారైంది. ఇప్పటికీ అది మోగని యంత్రం దాదాపు లేదు. ఎన్‌కోడర్ మాత్రం లేమ్ వాడండి. 2017లో వచ్చిన 3.100 వెర్షన్ చాలు.

లేమ్‌లో వేరియబుల్ బిట్‌రేట్ (వీబీఆర్) ఎంచుకోండి. దాని మెట్లు వి0 నుంచి వి9 దాకా ఉంటాయి, అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. వి0 సగటున 245 దగ్గర, వి2 190 దగ్గర, వి4 165 దగ్గర, వి5 130 దగ్గర వస్తాయి. సగటున అని ఎందుకన్నానంటే, వీణ ఒక్కటే మోగే చోట తక్కువ ఖర్చుపెట్టి, తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) వచ్చేసరికి ఎక్కువ ఖర్చుపెట్టడమే ఈ పద్ధతి గొప్పతనం. స్థిరంగా 320 అంటే గాయకుడు ఊపిరి తీసుకునే చోట కూడా 320 పొయ్యడమే.

నా సెట్టింగ్ వి2. కచేరీలకి, హరికథలకి వి0. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో అయిదు నిమిషాల పాటలు వి2లో నాలుగున్నర వేలు పడతాయి, 320లో 2,600 పైచిలుకు. కారులో ఇంజను మోత, ఏసీ మోత, రోడ్డు మోత మధ్య ఆ రెండింటికీ తేడా చెప్పగల మనిషి మా వంశంలో లేడు.

ఒక సాంకేతిక సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని మీద జనం డబ్బా కొట్టుకుంటారు. "నా ఫైల్‌లో 20 కిలోహెర్ట్జ్ దాకా ఉంది" అంటారు. ఎంపీ3 నిర్మాణంలో 16 కిలోహెర్ట్జ్ పైనున్న భాగానికి విడిగా కొలత సర్దుకునే వీలు లేదు. అక్కడ శుభ్రంగా ఉండాలంటే కిందిభాగం మొత్తానికీ అనవసరంగా బిట్లు పెంచాలి. అంటే ఎవరికీ వినిపించని చోటు కోసం వినిపించే చోటు సొమ్ము ఖర్చవుతుంది. లేమ్ పైభాగాన్ని కోసేది అందుకే. ఆ లోపాస్ సెట్టింగ్‌ని మీరు ముట్టుకోకండి.

జాయింట్ స్టీరియోని కూడా ముట్టుకోకండి. ఈ పేరు చూసి స్టీరియో పోతుందని భయపడి "స్టీరియో" అని మార్చేవాళ్లు చాలామంది. జరిగేది ఇది: ఎడమ, కుడి అని రాసే బదులు రెండింటి మొత్తం ఒకటి, రెండింటి తేడా ఒకటి రాస్తుంది. తిరిగి మోగించేటప్పుడు వాటి నుంచి ఎడమా కుడీ మళ్లీ వచ్చేస్తాయి. మన పాటల్లో గొంతు ఎప్పుడూ మధ్యలో ఉంటుంది కాబట్టి తేడాలో పెద్దగా ఏమీ ఉండదు, అక్కడ బిట్లు మిగులుతాయి. ఎప్పుడు ఏ పద్ధతి లాభమో లేమ్ ముక్కముక్కకీ తనే చూసుకుంటుంది.

ఏఏసీ: ఎవరిది అన్నదే ప్రశ్న

ఇంట్లో ఐఫోన్లు ఉంటే ఏఏసీ సుఖం. ఐట్యూన్స్ స్టోర్ 2003లో 128 ఏఏసీతో మొదలై 2009 నాటికి 256కి వచ్చింది. మ్యాక్‌లోని మ్యూజిక్ యాప్‌లో ఇంపోర్ట్ సెట్టింగుల్లో ఐట్యూన్స్ ప్లస్ అని కనిపించేది ఆ 256 సెట్టింగే. ఆపిల్ వారి ఎన్‌కోడర్ చాలా మంచిది. విండోస్‌లో దాన్ని వాడుకోవడానికి క్యూఏఏసీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. అందులో ట్రూ వీబీఆర్ 91 పెడితే సగటున 192 దగ్గర వస్తుంది. నాకు అది చాలు.

ఆపిల్ ఎన్‌కోడర్ అందకపోతే తర్వాతి స్థానం ఫ్రౌన్‌హోఫర్ వారి ఎఫ్‌డీకేది. లైసెన్సు చిక్కుల వల్ల అది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత మార్పిడి ప్రోగ్రాం మామూలు కాపీల్లో ఉండదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సొంత ఏఏసీ ఎన్‌కోడరే దిక్కయితే పొదుపు చెయ్యకుండా 192 గానీ ఆ పైన గానీ ఇవ్వండి.

కొన్ని కన్వర్టర్ యాప్‌లలో హెచ్‌ఈ (హై ఎఫిషియెన్సీ) ఏఏసీ అని ఒకటి కనిపిస్తుంది, పేరులో ఎఫిషియెన్సీ ఉంది కదా అని నొక్కేస్తారు. అది 64, 48 లాంటి చాలా తక్కువ బిట్‌రేట్ల కోసం. పైభాగం ధ్వనిని అసలు రాయకుండా, కిందిభాగాన్ని నకలు తీసి పైన అతికిస్తుంది. రేడియో ప్రసారానికి బాగుంటుంది. 128 ఇచ్చేంత చోటున్నప్పుడు దాని అవసరం లేదు. తాళాల మోత దానిలో ఇసుక రాలినట్టుంటుంది.

ఓపస్: ఆండ్రాయిడ్‌కి, కంప్యూటర్‌కి

నా ఫోన్‌లో ఉన్నవన్నీ ఓపస్ 128. వాట్సాప్‌లో మీరు పంపే వాయిస్ మెసేజ్ కూడా ఓపస్సే. స్కైప్ వారి మాటల కోడెక్కునీ, జిఫ్ సంస్థ వారి సంగీతపు కోడెక్కునీ కలిపి తయారుచేసి 2012లో ప్రమాణంగా ప్రకటించారు. లైసెన్సు బెడద లేదు.

స్టీరియో సంగీతానికి 128 వీబీఆర్ పెడితే నాకు సీడీకీ దానికీ తేడా దొరకదు. అమ్మ ఫోన్‌లో చోటు తక్కువ, ఇయర్‌ఫోన్ మామూలుది, అందుకని ఆవిడకి 96. ఇంతవరకూ ఫిర్యాదు రాలేదు. అదే 96లో ఎంపీ3 చేస్తే ఫిర్యాదు ఆ పూటే వస్తుంది. చిడతల్లాంటి దెబ్బల్ని ఓపస్ బాగా పట్టుకుంటుంది. ఫోన్ కాల్స్‌కి కూడా పనికిరావాలని చిన్న ముక్కలతో కట్టింది కాబట్టి తంబూరా దగ్గర మాత్రం కాస్త ఎక్కువ కష్టపడుతుంది. శ్రుతి వినిపిస్తూ ఉండే ఆలాపనలకి, వీణ కచేరీలకి 160 ఇస్తాను.

ఓపస్ లోపల అంతా 48 కిలోహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. మీ సీడీ 44.1 అయినా అదే మార్చుకుంటుంది, మీరు ముందే మార్చి ఇవ్వకండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాడేవాళ్లు లిబ్‌ఓపస్ ఎంచుకోండి. ఉత్త ఓపస్ అనే పేరుతో ఉన్నది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సొంత ప్రయోగం. ఐఫోన్‌లో వీఎల్‌సీ ఈ ఫైళ్లు మోగిస్తుంది కానీ ఆపిల్ మ్యూజిక్ యాప్ తీసుకోదు.

ఓపస్ కంటే పాతదైన వోర్బిస్ అనే కోడెక్ వాడుతూ ఉంటే వాడుకోండి, 5వ మెట్టు 160 దగ్గర వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి దాని బదులు ఓపస్ ఉంది.

చెవికి పరీక్ష

మా బావగారు 320 మనిషి. ఆయనతో వాదించడం మానేసి ఫూబార్2000 అనే ప్లేయర్ పెట్టి ఇచ్చాను. దానికి ఏబీఎక్స్ కంపారేటర్ అని ఒక అదనపు భాగం దొరుకుతుంది. అసలు ఫ్లాక్ ఒకటి, ఎన్‌కోడ్ చేసింది ఒకటి ఇస్తే, ఏది ఏదో దాచిపెట్టి వినిపిస్తుంది. ఎక్స్ అనేది ఏ నా బీ నా అని మీరు చెప్పాలి. పదహారు సార్లు అడిగించుకోండి. పన్నెండో అంతకన్నా ఎక్కువో సరిగ్గా చెప్తే ఊరికే అదృష్టం కలిసొచ్చే అవకాశం నూటికి నాలుగు లోపు, అంటే మీకు నిజంగా తేడా తెలుస్తోందని అర్థం. ఎనిమిది, తొమ్మిది దగ్గర ఆగితే బొమ్మా బొరుసూ వేసినట్టే. బావగారు తనకిష్టమైన పాటతో వి2 మీద కూర్చుని బొమ్మా బొరుసూ దగ్గరే ఆగారు. తప్పు హెడ్‌ఫోన్‌దని తేల్చారు.

పరీక్షకి మీ దగ్గరున్న పాటల్లో కష్టమైనదే తీసుకోండి. తని ఆవర్తనంలో ఘటం ఒక్కటే మోగే పది సెకన్లు, ఆలాపనకి ముందు తంబూరా మాత్రమే వినిపించే చోటు, జనం చప్పట్లు. పాటంతా కాదు, నాలుగైదు సెకన్ల ముక్కని మళ్లీమళ్లీ వినాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఫ్యాను ఆపి, మీరు రోజూ వినే వాల్యూమ్‌లోనే వినండి. పాట చివర సన్నగిల్లే చోట వాల్యూమ్ చివరిదాకా పెంచి "దొరికింది" అంటే లెక్కలోకి రాదు. వి5తో మొదలుపెట్టి, తేడా తెలిస్తే వి4, వి2 అంటూ పైకి రండి. తేడా తెలియడం ఆగిన చోటుకి ఒక మెట్టు పైన మీ సెట్టింగ్.

క్యాసెట్లు, పాత మోనో పాటలు

ఇక్కడే ఎక్కువమంది బిట్లు పారబోస్తారు. పాత సినిమా పాటలు మోనో. క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు మాత్రం ఫైల్ రెండు చానళ్లతో వస్తుంది. గొంతూ వాద్యాలూ రెండింటిలోనూ ఒకటే, టేపు రొద మాత్రం ఎడమ వైపు వేరు, కుడి వైపు వేరు. స్టీరియోగా ఎన్‌కోడ్ చేస్తే ఎన్‌కోడర్ పాపం ఆ రెండు రొదల్నీ శ్రద్ధగా భద్రపరుస్తుంది.

నిజంగా మోనోనా అని ఆడాసిటీ అనే ఉచిత ఎడిటర్‌లో చూడండి. స్టీరియో ట్రాక్‌ని రెండు మోనో ట్రాకులుగా విడదీసి, ఒకదానికి ఇన్‌వర్ట్ (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసేది) వేసి, రెండూ కలిపి మోగించండి. గొంతు మాయమై రొద మాత్రమే మిగిలితే అది మోనోనే. అలాంటప్పుడు రెండు చానళ్లనీ కలిపి ఒకటి చెయ్యండి, రొద కూడా కాస్త తగ్గుతుంది.

గొంతు పూర్తిగా మాయం కాకుండా "స", "ష" అక్షరాలు మాత్రం చురుక్కుమని మిగులుతున్నాయంటే క్యాసెట్ ప్లేయర్ హెడ్ కాస్త వంకరగా ఉందని అర్థం. ఒక చానల్ ఇంకోదాని కంటే వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తోంది. అప్పుడు రెండూ కలిపితే పై ధ్వనులు ఒకదాన్నొకటి చంపుకుని పాట మసకబారుతుంది. వీలైతే హెడ్ పక్కనున్న చిన్న మరని తిప్పి సరిచేసి మళ్లీ ఎక్కించండి. వీలుకాకపోతే రెండింటిలో శుభ్రంగా ఉన్న చానల్ ఒక్కటే ఉంచుకోండి. తర్వాత ఓపస్ మోనోలో 80 ఇస్తే ధారాళం. లేమ్ అయితే మోనో ఎంచుకుని అదే వి2 పెట్టండి, సగటు దానంతటదే తగ్గుతుంది. రొద తగ్గించే ఫిల్టర్ గట్టిగా వాడకండి. అది మిగిల్చే జలజలని ఎన్‌కోడర్ ఇంకా పెంచి చూపిస్తుంది.

ఎక్కించే ముందు మిగిలిన పనులు

ఈ రోజుల్లో పాటల్ని వాల్యూమ్ నెత్తికెక్కించి వదులుతున్నారు. అలాంటి ధ్వనిని కుదిస్తే కొన్ని శిఖరాలు గరిష్ఠ హద్దు దాటి, మోగించేటప్పుడు చిట్లుతాయి. ఎన్‌కోడ్ చేసే ముందు ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించండి, లేదా ఫూబార్2000లో రీప్లేగెయిన్ (మోగించేటప్పుడు వాల్యూమ్ ఎంత సర్దాలో చెప్పే అంకె) లెక్క కట్టించండి. ఇప్పటికే చేసేసిన ఎంపీ3లయితే ఎంపీ3గెయిన్ అనే ప్రోగ్రాం మళ్లీ కుదించకుండానే ఒకటిన్నర డెసిబెల్స్ చొప్పున వాల్యూమ్ తగ్గిస్తుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కి గాల్లోంచి పంపేటప్పుడు ఫోన్ పాటని ఇంకోసారి కుదిస్తుంది. కాబట్టి 128 కంటే దిగువకి వెళ్లకుండా ఉంటే మంచిది, అంతకు మించి దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా ఉన్న కచేరీ సీడీలో ట్రాకు మారేచోట చిన్న ఖాళీ వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఓపస్‌లో ఆ బెడద లేదు. లేమ్ కూడా అదనంగా చేరిన శాంపిళ్లెన్నో ఫైల్ మొదట్లోనే రాసిపెడుతుంది, మంచి ప్లేయర్లు దాన్ని చదివి ఖాళీ రాకుండా చూస్తాయి. కారు స్టీరియోలు చాలావరకు చదవవు. బాబాయికి ఇచ్చేటప్పుడు ఆ మూడు ట్రాకుల్నీ ఫ్లాక్‌లోనే కలిపి ఒకే ఎంపీ3గా చేసి ఇస్తాను.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యండి. చాలా కారు స్టీరియోలు పేర్ల వరసలో కాకుండా కాపీ చేసిన వరసలో మోగిస్తాయి, కాబట్టి ఫైల్ పేరుకి ముందు 01, 02 అని అంకె వేసి, ఆ వరసలోనే కాపీ చెయ్యండి. తెలుగులో రాసిన పేర్లు వాటి తెర మీద ఖాళీ డబ్బాల్లా కనిపిస్తాయి, అందుకని కారుకి ఇచ్చే కాపీలో ట్యాగులు (ఫైల్ లోపల రాసే పాట, గాయకుల పేర్లు) ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, ట్యాగ్ రకం ఐడీ3 2.3 ఎంచుకోండి. ఆల్బమ్ బొమ్మ 500 పిక్సెళ్లు దాటనివ్వకండి. పెద్ద బొమ్మ ఉంటే కొన్ని స్టీరియోలు పాట మొదలుపెట్టడానికి తటపటాయిస్తాయి.